బట్టమేక పక్షి – బీటి నేల చదువు



కిందటి నెల బళ్ళారి వైపు నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశారు. వారి అమ్మాయి బి.ఎస్సీ. పూర్తి చేసిందట. ఇప్పుడు పి.జి.లో వన్యప్రాణుల సంరక్షణ, జీవావరణ నిర్వహణ చదువుతానని పట్టు పట్టిందట. "మా ఇంట్లో మేష్టర్లున్నారు, ప్లీడర్లున్నారు, ఎరువుల వ్యాపారం చేసేవాళ్ళున్నారు. పక్షుల్ని లెక్కపెట్టే చదువు ఒకటుందని ఇప్పుడే వింటున్నాను. ఇది ఎప్పటినుంచి ఉంది? దీనివల్ల ఇంతవరకు ఎవరికి ఏం ఒరిగింది?" అని అడిగారు. సూటి ప్రశ్నే. ఉత్తరంలో రెండు వాక్యాల్లో జవాబు రాస్తే సరిపోదనిపించి, ఈ ప్రసంగమే దానికి జవాబుగా పెట్టుకున్నాను. ఆయన వింటూ ఉంటారనుకుంటాను. అమ్మాయి కూడా వింటే మరీ మంచిది.

మన దేశంలో అడవి గురించిన చదువు కలప లెక్కతో మొదలైంది. అడవి మీది ప్రేమతో మొదలైందనుకోవడం పొరపాటు. ఓడలు కట్టడానికి టేకు కావాలి, రైలు పట్టాల కింద వేయడానికి స్లీపర్లు కావాలి. నరుకుతూ పోతే కొన్నాళ్ళకు మిగలదని తెలిసింది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీలో అడవుల సంరక్షకుడిగా హ్యూ క్లెగ్‌హార్న్ అనే స్కాట్లండు డాక్టరును నియమించారు. అంతకు ముందు ఆయన మైసూరు రాజ్యంలో, షిమోగాలో వైద్యుడిగా పనిచేశాడు. తరవాత 1864లో జర్మనీ దేశస్థుడు డీట్రిచ్ బ్రాండిస్ దేశం మొత్తానికి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. పెద్ద ఉద్యోగాలకు వచ్చే కుర్రాళ్ళను ఫ్రాన్సుకూ, జర్మనీకీ పంపి చదివించేవారు. ఇక్కడే చదువు చెప్పడానికి 1878లో డెహ్రాడూన్‌లో ఫారెస్టు స్కూలు పెట్టారు. దక్షిణాదికి 1912లో కోయంబత్తూరులో మద్రాసు ఫారెస్టు కాలేజీ వచ్చింది. మన వైపు రేంజర్లు చాలామంది అక్కడ తయారైనవారే.

ఆ చదువులో అడవిని కూపులుగా విడగొట్టడం, ఏ ఏడు ఏ కూపు కొట్టాలి, మళ్ళీ ఎన్నేళ్ళకు అది కోతకు వస్తుంది, ఎన్ని ఘనపుటడుగుల కలప తేలుతుంది – ఇవీ ముఖ్యమైన పాఠాలు. తక్కువ చదువేం కాదు. నరికినంత పెరిగేలా చూడమన్న సూత్రం అందులోంచే వచ్చింది. కాని ఆ పుస్తకంలో ఒక పెద్ద లోటు ఉంది. చెట్టు లేని నేలకు అందులో చోటు లేదు. గడ్డి మొలిచే బీడు కనిపిస్తే రెవెన్యూవారు బంజరనీ, పోరంబోకనీ రాసుకున్నారు. ఫారెస్టువారేమో అక్కడ చెట్లు నాటాలని రాసుకున్నారు. గడ్డిబీడు కూడా తనంతట తానుగా నిండుగా బతికే ఒక లోకమని ఈ ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

దాని ఫలితం చూడాలంటే కర్ణాటకలో రాణిబెన్నూరు దగ్గరికి పోతే చాలు. అక్కడ 1974లో కృష్ణజింకల కోసం అభయారణ్యం ప్రకటించారు. నూటపందొమ్మిది చదరపు కిలోమీటర్లు. అందులో చాలా భాగం నీలగిరి తోటే. మన ఆంధ్ర వైపు జామాయిల్ అంటామే, అదే చెట్టు. జింకలు ఎలాగో సర్దుకుని పెరిగాయి. ఆ బీళ్ళలో వాటితో పాటు బతికిన బట్టమేక పక్షి మాత్రం సర్దుకోలేకపోయింది, పోయింది.

బట్టమేకను చూసినవారు మీలో పెద్దవాళ్ళు కొందరుంటారు. మీటరు ఎత్తు నిలబడుతుంది. మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ప్రపంచంలోనే మహా బరువైన వాటిలో ఇదొకటి. గోధుమ రంగు వీపు, తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ. జత కట్టే రోజుల్లో మగపక్షి మెడకింద సంచి ఊది, దాన్ని కాళ్ళదాకా వేలాడేసి, కుండలో మాట్లాడినట్టు గంభీరంగా కూస్తుంది. షోలాపూరు వైపు మరాఠీలో దీన్ని మాళ్‌ఢోక్ అంటారు. బళ్ళారి వైపు కన్నడంలో ఎరెభూత అంటారు. ఎరె అంటే నల్లరేగడి. రేగడి చేలో సాయంకాలం ఒక్కసారిగా తల ఎత్తి నిలబడితే భూతమనిపించడంలో ఆశ్చర్యమేముంది!

ఇప్పుడు చదువు సంగతికి వద్దాం. పక్షులను చూడడం మన దేశంలో చాలాకాలం దొరల వినోదం. దానిని పనిగా పెట్టుకున్న మనవాడు సాలిం అలీ. విశ్వవిద్యాలయం పట్టా లేదని ఆయనకు పక్షిశాస్త్ర ఉద్యోగం రాలేదు. 1929లో బెర్లిన్ వెళ్ళి ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకుని తిరిగివచ్చాడు. వచ్చాక సంస్థానాల మీద పడ్డాడు. మీ పక్షుల జాబితా నేను తయారుచేసి పెడతాను, దారి ఖర్చులు భరించండి అన్నది ఆయన బేరం. 1931లో హైదరాబాదు సంస్థానంలో అలాంటి సర్వే చేశాడు. అప్పటి హైదరాబాదు రాజ్యమంటే తెలంగాణ ఒక్కటే కాదు, ఇప్పుడు కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ ఉన్న జిల్లాలు కూడా అందులోవే. అంటే ఇవాళ ఈ ప్రసంగం వింటున్న మీ ఊళ్ళలో కొన్ని ఆ రాజ్యంలోవే.

పట్టా లేని ఆ మనిషే తరవాత ఇతరులకు పట్టాలిప్పించే గురువయ్యాడు. 1950ల చివరికి బొంబాయి విశ్వవిద్యాలయం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీని పరిశోధన కేంద్రంగా గుర్తించింది. చచ్చిన పక్షిని బల్లమీద కోసి చూడడం కాకుండా, బతికున్న పక్షిని దాని చోట చూసి ఎమ్మెస్సీ, పి.హెచ్‌డి. పొందవచ్చునన్నది మన దేశంలో అలా మొదలైంది. మీ అమ్మాయి చదవాలనుకుంటున్న చదువుకు అసలు గర్భాదానం అక్కడ జరిగిందంటే తప్పులేదు.

జాతీయ పక్షిగా బట్టమేకను ప్రకటించాలని సాలిం అలీ గట్టిగా వాదించాడు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఇంగ్లీషులో బట్టమేక పేరు రాసేటప్పుడు ఒక్క అక్షరం పొరపాటున మారితే తిట్టు అవుతుందని అధికారులు జంకారట. ఇది పక్షిప్రియులు నవ్వుతూ చెప్పుకునే మాట. నెమలికి ఆ గౌరవం లేకపోయినా జరిగే నష్టం లేదు. బట్టమేకకు ఉండి ఉంటే ఏమయ్యేదో మరి.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, బట్టమేకను మొదటి షెడ్యూలులో చేర్చారు. వేట నేరమయింది. 1970ల చివర రాజస్థాన్ ఎడారిలో అరబ్బు షేకులు డేగలతో ఈ పక్షుల వేటకు దిగితే జనం వీధుల్లోకి వచ్చారు. ఆ వేడిలోనే 1980లో జైపూరులో బట్టమేకల మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. సదస్సులో తేలిందేమిటి? ఈ పక్షి తగ్గిపోతున్నదని అందరూ చెప్పగలరు. అది ఏం తింటుంది, ఎక్కడ గుడ్డు పెడుతుంది, ఏడాదిలో ఏ నెల ఎక్కడికి పోతుంది అంటే మాత్రం రుజువుతో చెప్పేవారు లేరు. తెలియనిదాన్ని రక్షించడం ఎలా?

అప్పుడు బొంబాయి సొసైటీవారు 1980ల మొదట్లో అంతరించిపోతున్న జాతుల అధ్యయనం ప్రారంభించారు. అలీగఢ్‌లో డాక్టరేటు చేసిన అసద్ రహ్మానీ అనే యువకుడు బట్టమేకల పని చేపట్టాడు. మధ్యప్రదేశ్‌లో కరేరా, మహారాష్ట్రలో షోలాపూరు దగ్గర నాన్నజ్, మన కర్నూలు జిల్లాలో రోళ్ళపాడు – ఇలాంటి చోట్ల పరిశోధకులు మకాం వేశారు. రోళ్ళపాడు 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది.

ఈ చదువులో పని ఎలా ఉంటుందో ఉత్తరం రాసిన తండ్రిగారికి చెప్పాలి. తెల్లవారకముందే వెళ్ళి చాటు గుడిసెలో కూర్చోవాలి. పక్షి ఎన్ని నిమిషాలు మేసింది, ఎన్ని నిమిషాలు నిలబడింది, ఎంత దూరం నడిచింది గడియారం పెట్టుకుని రాయాలి. అది వదిలిన పెంటికను ఏరి, ఎండబెట్టి, అందులో మిడత కాలుందో, పెంకుపురుగు రెక్కుందో, శనగ గింజ పొట్టుందో చూడాలి. గడ్డి ఎత్తు కొలవాలి. గొర్రెల కాపరితో మాట్లాడాలి. ఇది ఒకరోజు కాదు, వానాకాలం, చలికాలం, ఎండాకాలం. ఒక ఏడు సరిపోదు, ఎందుకంటే మన సీమలో ఒక ఏటి వాన మరో ఏటికి పోలికే ఉండదు.

అలా కూర్చుని చూస్తే తెలిసిన సంగతులు అధికారులు ఊహించినవి కావు. ఆడపక్షి ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ ఉత్త నేలమీద పెడుతుంది. నాలుగు వారాలు పొదుగుతుంది. మగపక్షి సాయం చేయదు. గొర్రె తొక్కినా, కుక్క తిన్నా ఆ ఏడు పంట పోయినట్టే. అందుచేత గుడ్డు పెట్టే చోట మేత ఆపాలి. నాన్నజ్ దగ్గర కరువు నివారణ పథకం కింద మేత ఆపి గడ్డి పెంచిన మడుల్లో పక్షులు చేరడం దీనికి నిదర్శనం. కాని మేత పూర్తిగా, ఏళ్ళ తరబడి ఆపేస్తే? గడ్డి ఏపుగా ఎదిగి పక్షి తల ముంచేస్తుంది. నలువైపులా చూపు సాగని చోట అది నిలవదు. కనుక కొంత మేత ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. ఎంత, ఏ నెలలో, ఏ చెక్కలో అన్నదే లెక్క. నిర్వహణ అంటే ఇదే. కంచె వేసి తాళం పెట్టడాన్ని నిర్వహణ అనరు.

ఇంకో సంగతి. ఈ పక్షి అభయారణ్యం హద్దు రాళ్ళను గుర్తించదు! రోళ్ళపాడును 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బట్టమేక అక్కడ గుడ్డు పెట్టినా చుట్టుపక్కల రైతుల మెట్టచేలలో తిరుగుతుంది. జొన్న, కొర్ర, వేరుశనగ, శనగ వేసిన చేలల్లో దానికి పురుగులు, గింజలు దొరికేవి. అంటే ఈ పక్షిని పోషించినవాడు రైతే. ఆ తరవాత కాలవ నీళ్ళు వచ్చాయి, పైరు మారింది, పురుగుమందులు వచ్చాయి. రైతును తప్పుపట్టలేం, నీళ్ళ కోసం తరాలు ఎదురుచూసినవాడాయన. ఇంకోపక్క అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. ఆ నష్టాన్ని కూడా పరిశోధకులు లెక్కగట్టి ప్రచురించారు. బట్టమేక కోసం కట్టిన కంచె వల్ల జింకలు వృద్ధి పొందాయి, బట్టమేక పోయింది, పంట నష్టం మాత్రం ఊరివాళ్ళ వాటాకు వచ్చింది. రోళ్ళపాడులో ఇప్పుడు ఆ పక్షి కనిపించదు.

షోలాపూరు శ్రోతలకు తమ జిల్లా కథ చెప్పనక్కరలేదు. అయినా మిగతావారి కోసం చెబుతాను. 1979లో మహారాష్ట్ర ప్రభుత్వం అక్కడ ప్రకటించిన బట్టమేక అభయారణ్యం ఎనిమిదివేల నాలుగువందల తొంభై ఆరు చదరపు కిలోమీటర్లు! ఊళ్ళు, తోటలు, పట్నాలు, రోడ్లు అన్నీ అందులోకే వచ్చాయి. మగ్గం నేసేవాడి ఇల్లు కూడా కాగితం మీద అభయారణ్యమే. భూమి కొనాలన్నా, అమ్మాలన్నా, ఒక షెడ్డు వేయాలన్నా చిక్కే. జనానికి పక్షి మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది? కరేరాలోనూ ఇలాగే సొంత పొలాల మీద ఆంక్షలు పడి ఊళ్ళు ఎదురు తిరిగాయి. 1990ల మధ్యకల్లా అక్కడ పక్షే లేకుండా పోయింది. షోలాపూరు అభయారణ్యాన్ని 2012లో పన్నెండువందల చదరపు కిలోమీటర్ల పైచిలుకుకు కుదించారు. అప్పటికి ఆలస్యమైంది. ఇవాళ నాన్నజ్‌లో ఒక్క పక్షి కనిపిస్తే పత్రికలో వార్త. రోళ్ళపాడులో హద్దు మరీ చిన్నది, షోలాపూరులో మరీ పెద్దది. రెండూ బల్ల దగ్గర కూర్చుని గీసినవే.

చదివినవాళ్ళు మాత్రం తప్పు చేయలేదా అని మీరడగవచ్చు. చేశారు. రాజస్థాన్‌లో భరత్‌పూరు పక్షుల చెరువు సంగతి చూడండి. దాన్ని జాతీయ పార్కు చేసి 1982లో గేదెల మేత నిషేధించారు. ఆ నిషేధం వెనుక పక్షి శాస్త్రజ్ఞుల సలహా కూడా ఉంది. ఊరివాళ్ళు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అప్పటికే బొంబాయి సొసైటీవారు వి.ఎస్. విజయన్ నాయకత్వంలో అక్కడ అధ్యయనం మొదలుపెట్టి ఉన్నారు. పదేళ్ళు సాగింది. చివరకు వాళ్ళ లెక్కల్లో తేలిందేమంటే, గేదెలు మేయకపోవడంతో ఒక జాతి నీటిగడ్డి చెరువంతా అల్లుకుపోయింది, ఖాళీ నీరు తగ్గింది, చేపలకూ బాతులకూ చోటు లేకపోయింది. గేదె ఆ చెరువుకు శత్రువు కాదు. తమ పెద్దలే సమర్థించిన నిషేధం పొరపాటని ఆ సంస్థ పరిశోధకులే రాశారు. ఈ మాట చెప్పడానికి పదేళ్ళ కొలతలు కావలసివచ్చాయి. ఆ మాట ముందే తెలిసి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావు. ఈ చదువువల్ల ఎవరికి ఏం ఒరిగిందని అడిగారు గదా, దీన్ని ఒక జవాబుగా తీసుకోండి.

ఇలాంటి అనుభవాల మధ్యే ఈ విద్య విశ్వవిద్యాలయాల్లో కుదురుకుంది. 1982లో డెహ్రాడూన్‌లో భారతీయ వన్యప్రాణి సంస్థ ఏర్పడింది. 1988లో అక్కడ ఎమ్మెస్సీ మొదలైంది. పట్టా ఇచ్చేది రాజ్‌కోట్‌లోని సౌరాష్ట్ర విశ్వవిద్యాలయం. కలప లెక్క నేర్పిన ఊళ్ళోనే పిట్ట లెక్క నేర్పడం మొదలైందన్నమాట. 1983లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మాధవ్ గాడ్గిల్ చేతుల మీదుగా జీవావరణ శాస్త్ర కేంద్రం వచ్చింది. 1990లో కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో సాలిం అలీ పేరిట పక్షిశాస్త్ర కేంద్రం పెట్టారు. దానికి మొదటి డైరెక్టరు ఆ భరత్‌పూరు విజయన్‌గారే. 2023లో దాన్ని డెహ్రాడూన్ సంస్థలో కలిపారు. 2004లో బెంగుళూరులోనే వన్యప్రాణి జీవశాస్త్రం, సంరక్షణలో మరో ఎమ్మెస్సీ మొదలైంది. అందులో సీట్లు బహు తక్కువ.

మన సరిహద్దు పిల్లలకు దగ్గరలో ఉన్నవి వేరే చెబుతాను. యానాం శ్రోతలకు పుదుచ్చేరి విశ్వవిద్యాలయం సొంతిల్లు లాంటిది. అక్కడి జీవావరణ శాఖకు సాలిం అలీ పేరే పెట్టారు. తమిళనాడులో ఉన్నవారికి మయిలాడుదురైలో ఏ.వి.సి. కాలేజీ ఉంది. కర్ణాటకలో ఉన్నవారికి శివమొగ్గ దగ్గర కువెంపు విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి నిర్వహణ పి.జి. శాఖ ఉంది. క్లెగ్‌హార్న్ డాక్టరు మందులిచ్చిన ఊరి పక్కనే. ఒడిశాలో ఉన్నవారికి బారిపద విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి, జీవవైవిధ్య సంరక్షణ శాఖ ఉంది. ఫీజులు, ప్రవేశ పరీక్షల తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి అవి ఆయా చోట్లే కనుక్కోవాలి.

ఉద్యోగం మాట దాటవేయను. ఈ చదువు చదివినవారికి మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు పనులు. రెండేళ్ళు, మూడేళ్ళు ఉంటాయి, ఆపైన మరొకటి వెతుక్కోవాలి. బ్యాంకు పరీక్ష రాసిన పిన్ని కొడుకుతో పోల్చుకుంటే ఇంట్లో వాతావరణం కొంత వేడెక్కుతుంది. లెక్కలంటే భయమున్నవారు ఇటు రాకపోవడమే మంచిది, ఎందుకంటే ఇప్పుడు ఇందులో సగం గణాంకశాస్త్రం. ఆడపిల్ల ఒంటరిగా పొలాల్లో తిరుగుతుందా అన్న బెంగ తండ్రిగారు మాటల్లో పెట్టలేదు గాని ఉత్తరంలో నాకు కనబడింది. ఇవాళ ఈ రంగంలో ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. అడవిలో మృగం కన్నా దారిలో బస్సు దొరకకపోవడమే పెద్ద ఇబ్బందని వాళ్ళు చెబుతారు.

ఇక బట్టమేక సంగతి. ఇవాళ దేశం మొత్తం మీద నూటయాభైకి మించి లేవని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో. ఇప్పుడు వాటిని చంపుతున్నది తుపాకీ కాదు, కరెంటు తీగ. ఈ పక్షి కళ్ళు తలకు పక్కల ఉంటాయి. ఎదురుగా ఉన్నది సరిగ్గా ఆనదు. ఒళ్ళు బరువు, చటుక్కున మళ్ళలేదు. గాలిమరల నుంచి, సౌరఫలకాల నుంచి వచ్చే తీగలకు తగిలి పడిపోతోంది. తీగలను భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నిచోట్లా అది సాధ్యం కాదని ప్రభుత్వం మొరపెట్టుకోగా 2024లో ఆ ఆదేశాన్ని సవరించింది. పొగలేని కరెంటూ మంచిదే, పక్షీ మంచిదే. ఏ తీగ ఎక్కడినుంచి పోవాలన్నది తేల్చడానికి మళ్ళీ కొలిచేవాళ్ళే కావాలి. 2019 నుంచి జైసల్మేరు దగ్గర గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. అక్కడ పని చేస్తున్నవారిలో చాలామంది ఈ పి.జి. చదువులు చదివి వచ్చినవారే.

దక్షిణాదిలో ఈ పక్షి ఇంకా మిగిలిన చోటు ఏదో తెలుసా? మీ బళ్ళారి జిల్లాలోనే, సిరుగుప్ప తాలూకాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న రేగడి పొలాల్లో. వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అది అభయారణ్యం కాదు. పత్తి, శనగ, జొన్న వేసుకునే సొంత పొలాలు. అక్కడ పనిచేసే విద్యార్థికి కన్నడం రావాలి, తెలుగూ రావాలి, ఎందుకంటే పక్షిని చూసిన రైతు ఏ భాషలో చెబుతాడో తెలియదు. మీ అమ్మాయికి రెండూ వచ్చని రాశారు. సిరుగుప్పకు బళ్ళారి నుంచి బస్సులున్నాయి. ఈ సెలవుల్లో ఒకసారి తీసుకువెళ్ళి ఆ నేల చూపించండి. పక్షి కనపడకపోవచ్చు.

కడప జిల్లాలో 1986లో మళ్ళీ దొరికిన కలివికోడి కథ కూడా చెప్పాలనుకున్నాను, సమయం చాలలేదు. అది మరో ప్రసంగంలో. సెలవు.